కలపకూడని అన్నం

ఇందుమూలంగా మన ఇంటి యావన్మందికీ, అనగా ప్రస్తుతం ఇంట్లో లేని నీకు, తెలియజేయడమేమనగా, గడిచిన ఆదివారం పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకి మన వంటింట్లో ఒక మూత తెరుచుకున్నది. తెరిచినవాడు ఈ ఉత్తరం రాస్తున్నవాడు. సాక్షులు ఇద్దరు. ఒకరు మీ అమ్మగారు, రెండోది పిల్లి. దండోరా వేయిద్దామనుకున్నాను గానీ, ఈ వీధిలో నా మాట నమ్మేవాళ్ళెవరూ మిగల్లేదని ఊరుకున్నాను.

నా మీద సర్వాధికారాలూ గల శ్రీమతికి, ఇక్కడ నేను క్షేమం, మీ అమ్మగారు క్షేమం, పిల్లి మా ఇద్దరికన్నా క్షేమం. నువ్వూ నీ ఆవిరి మిషన్లూ అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నాలుగు పేజీల్లో రెండు పేజీలు తిట్లే, కాబట్టి నీ ఆరోగ్యం బాగానే ఉందని తెలిసింది. ఎదురింటి దర్జీకి చదివి వినిపించాను, తిట్లు వదిలేసి. "ఏంటన్నా, వదిన ఇంత చిన్న ఉత్తరం రాసింది" అన్నాడు. షాపు తాళంచెవి దొరికిందా అని అడిగావు. దొరికింది, నా జేబులోనే ఉంది. కుళాయి కారడం ఆగిందా అని అడిగావు. ఆగింది, నీళ్ళు రావడం లేదు. లైబ్రరీ వాళ్ళ పాత డిక్షనరీ బైండు చేసి ఇచ్చానా అని అడిగావు. ఇచ్చాను. ఆ డిక్షనరీకి ఒక చరిత్ర ఉంది, కింద చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. "అమ్మ తింటోందా? నేను పంపిన జిగురు బియ్యం వండి పెట్టారా? ఒట్టు వేసి చెప్పండి. తినడం లేదని తెలిస్తే మొదటి బస్సెక్కి వచ్చేస్తాను, ఈ ట్రైనింగూ వద్దు, ఏమీ వద్దు." ఈ మూడు వరసలూ నువ్వు కలం గట్టిగా నొక్కి రాశావు. వెనక పేజీ మీద అక్షరాలు బొబ్బల్లా లేచాయి. వేలితో తడిమి చూశాను.

ఆరు నెలల ట్రైనింగులో నాలుగు నెలలు అయిపోయాయి. మిగతా రెండూ గట్టెక్కితే మన ఆసుపత్రిలో ఆపరేషన్ గది కత్తులూ కత్తెర్లూ ఆవిరి పెట్టే విభాగం మొత్తానికి నువ్వే పెద్ద. మధ్యలో వదిలి వచ్చావంటే మళ్ళీ నిన్ను పిలవరు. ఇరవై ఏళ్ళు దుప్పట్లు ఉతికినదానివి, ఇప్పుడు నిన్ను కుర్చీ వేసి కూర్చోబెడతామంటుంటే, నా వంట సరిగ్గా లేదని ఆ కుర్చీ వదులుకుంటావా? అది జరగనివ్వకూడదని నేను ఎంత పని చేశానో వింటే నువ్వే నాకు మెడల్ పంపిస్తావు.

ముందు నీకు తెలిసిన సంగతే చెప్పాలి. మీ అమ్మగారు నా చేతి ముద్ద తినరు. పన్నెండేళ్ళుగా తినరు. నాతో మాట్లాడరు కూడా. ఇన్నాళ్ళూ నువ్వు మధ్యలో ఉన్నావు కాబట్టి "మీ ఆయనతో చెప్పు" అని నీకు చెప్పేవారు. నువ్వు వెళ్ళాక ఆ ఉద్యోగం పిల్లికి వచ్చింది. "పిల్లీ, దీపం ఆర్పమని చెప్పు." "పిల్లీ, పొద్దుటి నుంచీ ఆ కుంచె కడగలేదని చెప్పు." నేను చెవులు రిక్కించి వింటాను, పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది. ఇంట్లో ఒక్క ముక్క చదువు రానిది ఆ పిల్లి ఒక్కటే, ఏడో తరగతి గడప దాకా వెళ్ళినవాణ్ణి నేను, అయినా దాని పరపతి నాకు లేదు.

అలాగే మీ అమ్మగారు తొక్క ఉన్నది తప్ప ముట్టరు. అరటిపండు, కమలాపండు, వేరుశనక్కాయ, గ్లాసులో తనే ఉడకబెట్టుకున్న గుడ్డు. మణికట్లు నొప్పి కాబట్టి గిన్నె ఎత్తి వండుకోలేరు. నేను వండింది పెడితే పళ్ళేన్ని వేలితో అవతలికి నెడతారు. "తొక్క వలిచి మళ్ళీ అతికించడం ఆయనగారికి ఇంకా చేతకాలేదులే" అని పిల్లితో అన్నారు ఒకరోజు. రోజంతా అట్టలు అతికించేవాణ్ణి పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

నీ స్నేహితురాలు తెచ్చి ఇచ్చిన బియ్యం సంచి విప్పినప్పుడు మీ అమ్మగారు ముందుగదిలో ఉన్నారు. కొత్త గుడ్డ ఇస్త్రీ చేస్తుంటే పక్క పొయ్యి మీద పాలు కాగుతున్నట్టు, అదో రకం వాసన. ఆవిడ తల ఇటు తిరిగింది. నేను చూడగానే మళ్ళీ అటు తిరిగింది. అప్పుడే నిశ్చయం చేసుకున్నాను, ఈవిడ నా చేత్తో తినబోయే మొదటి అన్నం ఇదేనని.

మొదటి రోజు మామూలు బియ్యం వండినట్టే వండాను. నీళ్ళు పోశాను, మరిగించాను. ఇక్కడ తప్పు నాది కాదు, నా కుడిచేతిది. పొయ్యి మీద తెల్లగా ఏదన్నా ఉడికితే ఆ చెయ్యి ఆగదు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే మైదా బంక కాచే చెయ్యి, ఉండ కట్టకుండా ఒకే వైపు తిప్పడం దానికి ఊపిరి తీసుకున్నట్టు. నేను రేడియో వింటున్నాను, అది తిప్పుతూ ఉంది. వార్తలు అయ్యేసరికి గిన్నెలో అన్నం లేదు. గరిటె నిలబెడితే నిలబడింది. గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది.

మీ అమ్మగారు గుమ్మంలోంచి తొంగి చూశారు. "పిల్లీ, ఈసారి ఏ పుస్తకానికట?" అన్నారు.

చెప్పానుగా, లైబ్రరీ డిక్షనరీకి చరిత్ర ఉందని. పారెయ్యడం ఎందుకని దాంతోనే వీపు అతికించాను. నా ఆయుష్షులో అంత గట్టి బైండింగు చెయ్యలేదు. ఆ పుస్తకాన్ని ఇక ఎవరన్నా చింపాలంటే రంపం తెచ్చుకోవాలి.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని ఆవిరి మీద పెట్టాను. గిన్నెలో నీళ్ళు, పైన చిల్లుల పళ్ళెం, పళ్ళెంలో తడిగుడ్డ, గుడ్డలో బియ్యం. చూడ్డానికి దివ్యంగా ఉంది. గంటసేపు పొయ్యి ముందు కూర్చున్నాను. ఆవిరంతా గిన్నెకీ పళ్ళేనికీ మధ్య సందులోంచి పోయి నా ముఖం ఉడికింది, బియ్యం ఉడకలేదు. నోట్లో వేసుకుంటే గులకరాళ్ళు. మీ అమ్మగారు పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "రాత్రి నానబెట్టాలని కూడా తెలియనివాళ్ళకి ఎందుకే ఈ సరదాలు?" అన్నారు. నేను లోపల గంతేశాను. తిట్టినట్టు తిట్టి కిటుకు చెప్పేశారు. పైకి మాత్రం ఏమీ విననట్టు పిల్లికే నమస్కారం పెట్టాను.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. తిట్లు అయ్యాక మూడో పేజీలో నీ పరీక్ష సంగతి రాశావు చూడు, అక్కడ నాకు జ్ఞానోదయం అయ్యింది. ఆవిరి పెట్టె తలుపు చుట్టూ రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చోలేదనీ, ఆవిరి పక్కనుంచి పోయి లోపల కత్తులు శుద్ధి కాలేదనీ, ఆ పైన టైం కాకముందే తలుపు తీశావని నీకు మార్కులు కోసేశారనీ. నువ్వు ఏడుస్తూ రాశావు, నేను ఎగిరి గంతేశాను. క్షమించు. నా గిన్నెకి లేనిది ఆ పట్టీయే.

శనివారం రాత్రి బియ్యం నానబోశాను. ఆదివారం పొద్దున్నే షాపులోంచి బైండింగు గుడ్డ నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ చింపి, మైదా బంక పూశాను. పురుగు పట్టకుండా వేసే తుత్తం విషం కదా, అది కలపని బంక, మంచిది, నీ మీద ఒట్టు. ఆ పట్టీని గిన్నెకీ పళ్ళేనికీ మధ్య సందు చుట్టూ, పుస్తకం వీపుకి చుట్టినట్టు, ఎక్కడా ముడత లేకుండా చుట్టాను. మూత పెట్టి, మూత మీద అట్టలు బిగిసేందుకు పెట్టే ఇనప దిమ్మ పెట్టాను. నీ పని నుంచి ఒక కిటుకు, నా పని నుంచి ఒక కిటుకు. పెళ్ళయ్యాక మనిద్దరి ఉద్యోగాలూ కలిసి కాపురం చెయ్యడం అదే మొదటిసారి.

పొయ్యి వెలిగించాను. మీ అమ్మగారు వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. పిల్లి ఒళ్ళో ఉంది. నా కుడిచెయ్యి లేచి గరిటె వైపు వెళ్ళింది.

"పిల్లీ, ఆ చేతిని కట్టెయ్యమను."

"ఏం చెయ్యటం లేదత్తయ్యా, మూత ఒకసారి తీసి..."

"మూత తీస్తే నా కూతురికి కోసినట్టే మార్కులు కోస్తానని చెప్పవే."

నీ ఉత్తరం ఆవిడ కూడా చదివేశారన్నమాట. బల్ల మీద పెట్టి వెళ్ళడం నాదే పొరపాటు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, సొంత చేతి మీద నేనే కూర్చుని కాపలా. చెయ్యి తిమ్మిరెక్కింది. గిన్నె అంచు నుంచి ఒక్క పోగు ఆవిరి పోలేదు.

అరగంటకి వాసన మొదలైంది. ముందు వంటిల్లు నిండింది, తరవాత షాపులోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి వీధిలోకి దూకింది. ఎదురింటి దర్జీ ప్యాంటుకి చొక్కా చేతులు కుట్టేశాడు. బస్సు మన గుమ్మం ముందు ఆగింది. కండక్టరు దిగి ముక్కు పైకెత్తి, "ఏ ఇల్లండీ?" అని అడిగాడు. పోస్టుమాను సంచి కింద పెట్టి మన అరుగు మీద కూర్చుని, ఈ వీధి ఉత్తరాలు రేపు పంచుతానన్నాడు.

మీ అమ్మగారు కుర్చీలో ముందుకి వంగారు. ముక్కు మాత్రం నా వైపు, కళ్ళు గోడ వైపు.

పదకొండు ఇరవైకి దిమ్మ దించి, పట్టీ ఒలిచి, మూత తీశాను. గింజ గింజా మెరుస్తూ, ఒకదాన్నొకటి పట్టుకుని, పసిపిల్లలు గుంపుగా నిద్రపోయినట్టు ఉంది అన్నం. చితకలేదు, రాయిలా లేదు. గుడ్డతో ఎత్తి పళ్ళెంలోకి బోర్లిస్తే, బిగించిన పుస్తకంలా నాలుగు మూలలా నిలబడింది. నా చేత్తో చేసినవాటిల్లో వీపు లేకుండా నిలబడింది అదొక్కటే.

ముద్ద చేసి చిన్న గిన్నెలో పెట్టి ఆవిడ ముందు పట్టుకున్నాను. ఆవిడ తీసుకోలేదు, అవతలికి నెట్టనూ లేదు. పిల్లి తల నిమురుతూ అన్నారు: "పిల్లీ, ఆ రోజు గిన్నెలు మారిపోయాయా, మార్చాడా? అడుగు."

ఇక్కడే నీకు చెప్పాల్సింది ఉంది. పన్నెండేళ్ళుగా దాచాను, ఈ ఉత్తరంలో కూడా ఇంతవరకూ దాచుకుంటూ వచ్చాను.

మీ తమ్ముడికి ఉద్యోగం వచ్చిన రోజు గుర్తుందిగా. మీ అమ్మగారు పొద్దుటి నుంచీ నిలబడి ఇరవై మందికి జిగురన్నం వండారు. అందరికీ పెట్టి, చివరికి తను కూర్చున్నారు. ఆవిడకి వడ్డించింది నేను. నేను పెట్టింది అన్నం కాదు, మైదా బంక, పైన కొబ్బరి తురుమూ పంచదారా. ఆవిడ నమ్మి నోట్లో పెట్టుకున్నారు. కట్టుడు పళ్ళు దానికి అంటుకుని ఊడి వచ్చాయి, పళ్ళెంలో పడ్డాయి. ఇరవై మందీ పడీ పడీ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నేను నవ్వాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. షాపులో బంక గిన్నె, వంటింట్లో అన్నం గిన్నె పొరపాటున మారిపోయాయని అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. నువ్వు నమ్మావు. నమ్మి నా తరఫున మీ అమ్మతో నెల రోజులు మాట్లాడలేదు. "ఆయన చిలిపివాడే గానీ చెడ్డవాడు కాదమ్మా" అన్నావు. తలుపు అవతల నుంచి విన్నాను. విని కూడా నోరు విప్పలేదు.

నా నోటి దాకా ఒక జోకు వచ్చింది. "పిల్లికి తెలుసు, దాన్నే అడగండి" అందామనుకున్నాను. చేతిలో గిన్నె కాలుతూ ఉంది. ఆవిడ మెడ ఎముకలు చూశాను.

"మార్చానత్తయ్యా. కావాలనే. గిన్నెలు వాటంతటవి మారలేదు" అన్నాను. "తుత్తం లేని బంక తీసుకుని, పంచదార నేనే కలిపాను. మీకు అలా అవుతుందనుకోలేదు. అయ్యాక కూడా నవ్వాను. అది తప్పు."

ఆవిడ పిల్లి చెవి వెనక గోకారు. ఆ తరవాత ఆవిడ, "పన్నెండేళ్ళు పట్టింది, పిల్లీ. ఈయనగారిది ఆ డిక్షనరీ కన్నా గట్టి బైండింగు" అన్నారు. గడ్డంతో గిన్నె వైపు చూపి, "ముందు తనని తినమను" అన్నారు.

తిన్నాను. ఆవిడ నా గొంతు దిగేదాకా చూశారు. అప్పుడు చెయ్యి చాచి ముద్ద తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. రెండుసార్లు నమిలారు.

దవడ ఆగిపోయింది.

కళ్ళు పెద్దవయ్యాయి. చెంప మీద చెయ్యి వేసుకుని, మరో చేత్తో చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. అచ్చం ఆ రోజు లాగే. "అత్తయ్యా, పళ్ళా? అంటుకున్నాయా? కదపకండి" అంటూ వీధిలోకి పరిగెత్తి డాక్టరుని కేకేశాను, లోపలికి పరిగెత్తి నీళ్ళు తెచ్చాను, పీట తన్నుకుని పడ్డాను, నీళ్ళు పిల్లి మీద పడ్డాయి. పిల్లి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అటక ఎక్కింది.

నేలమీద నుంచి తలెత్తి చూస్తే మీ అమ్మగారి భుజాలు ఊగుతున్నాయి. చెంగు తీశారు. పళ్ళన్నీ ఉన్నచోటనే ఉన్నాయి, వరసగా, తళతళా. ఎంత నవ్వారంటే కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పన్నెండేళ్ళు వడ్డీ లేకుండా దాచుకున్న నవ్వు. ఈ వీధిలో నన్ను ఆటపట్టించిన మొదటి మనిషి మీ అమ్మే.

నవ్వు ఆగాక గిన్నె నా వైపు చాపారు. పిల్లి అటక మీద ఉంది. గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరు.

"అల్లుడూ, ఇంకో ముద్ద పెట్టు" అన్నారు.

పెట్టాను. అప్పుడే ఆవిరి కళ్ళలోకి కొట్టింది, కాసేపు ఏమీ కనబడలేదు.

ఇదీ నా విజయగాథ. ఆ రోజు నుంచీ ఇంట్లో తొక్క లేనివి కూడా చెల్లుతున్నాయి. నిన్న పప్పన్నం పెడితే, "ఉప్పెక్కువైంది అల్లుడూ" అన్నారు. నా పెళ్ళినాడు కూడా నేను అంత గర్వపడలేదు. నువ్వు బస్సెక్కక్కర్లేదు. పట్టీ సరిగ్గా కూర్చోబెట్టు, టైం అయ్యేదాకా తలుపు తియ్యకు, చెయ్యి ఆగకపోతే దాని మీద కూర్చో.

నువ్వు ఒట్టు వెయ్యమన్నావు. ఒట్టు వేసి అబద్ధం ఆడలేను కాబట్టి ఇక్కడ సరిచేస్తున్నాను.

దర్జీ ప్యాంటుకి చొక్కా చేతులు కుట్టలేదు. ఆదివారం అతను కొట్టే తెరవలేదు. బస్సు ఆగిన మాట నిజం, అక్కడ స్టాపు ఉంది కాబట్టి ఆగింది. కండక్టరు దిగలేదు. ఆదివారం పోస్టుమాను రాడని నీకూ తెలుసు. గరిటెతో గిన్నె లేవలేదు, కాస్త కదిలింది. డాక్టరు కోసం వీధిలోకి పరిగెత్తలేదు, నీళ్ళ బిందె దాకా వెళ్ళాను. పీట తన్నుకుని పడ్డది మాత్రం నిజం, మోకాలు ఇంకా నల్లగా ఉంది.

కిందటి రెండు ఉత్తరాల్లో "అత్తయ్య రెండు పూటలా కడుపునిండా తింటున్నారు" అని రాశాను. అది అబద్ధం. దర్జీ భార్య ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కూర పంపేది, మీ అమ్మ తినేవారు. దర్జీ భార్య వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆదివారానికి ఇరవై ఆరు రోజులు. ఆ ఇరవై ఆరు రోజులూ తొక్కల తిండే. షాపులో పాత కాగితాలు తూచే కాటా ఉందిగా, ఎత్తు సరిపోతుందని మధ్యాహ్నం దాని మీదే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటారు. వెనకనుంచి రోజూ ముల్లు చూసేవాణ్ణి. నాలుగు కిలోలు తగ్గారు. నీకు రాస్తే వచ్చేస్తావని రాయలేదు. ఈ రోజు అరకిలో పెరిగారు. అందులో వేరుశనక్కాయల బరువు కొంత ఉండొచ్చు.

ఆదివారం తిన్నది కూడా రెండు ముద్దలే, కడుపునిండా కాదు. ఆవిరి కళ్ళలోకి కొట్టిందని రాశాను. అదీ కల్పితమే. అప్పటికి గిన్నె చల్లారిపోయింది.

అల్లుడూ అని పిలిచింది మాత్రం కల్పితం కాదు.

ఇట్లు,
మీ అమ్మగారి అల్లుడు